బెత్తెడు తేడా

కొత్తగా లెక్కల టీచర్లయిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పాఠం ఎలా చెప్పాలని అడిగితే నేను చెప్పను. మూడేళ్లు తిప్పలు పడితే అది వాళ్లకే తెలుస్తుంది. పక్క గదిలో పాఠం చెప్పే మనిషితో ఎలా పని చేయాలో మాత్రం చెబుతాను. అది నాకు ఉద్యోగంలో చేరిన ముప్పై ఏళ్లకు గాని తెలియలేదు. అదీ బడిలో తెలియలేదు, ఎడపల్లి దగ్గర ఒక చెరుకు మడి గట్టు మీద తెలిసింది.

మాది నిజామాబాద్ పట్టణంలో సర్కారు ఉన్నత పాఠశాల. లెక్కలకూ సైన్సుకూ ప్రత్యేకమని పేరు. భవనం చూసి ఎవరూ అలా అనుకోరు. వానాకాలంలో ప్రయోగశాలలో బీకర్ల పక్కన బకెట్లు కూడా పెట్టేవాళ్లం. ప్రత్యేకమంతా పద్ధతుల్లో ఉండేది. ఆరో తరగతిలో చేరడానికి ఒక పరీక్ష పెట్టేవాళ్లం. అందులో సరైన జవాబుకు సగం మార్కులే, మిగతా సగం ఆ జవాబుకు వచ్చిన దారి చూపినందుకు. చేరిన పిల్లలకు రెండు నియమాలు. ఒకటి: బోర్డు మీద ఎవరు తప్పు రాసినా, టీచరైనా సరే, చూసిన పిల్ల లేచి నిలబడి “ఆగండి” అనాలి. చెయ్యెత్తి అడగనక్కర్లేదు. రెండు: పదో తరగతికి వచ్చాక ప్రతి ఒక్కరూ తమ ఊళ్లో జరిగే పని నుంచి ఒక లెక్క ఎంచుకోవాలి, దాన్ని ఆ ఊళ్లోనే చేసి చూపించాలి. బడి ఆవరణలో నెగ్గితే చాలదు. భీమ్‌గల్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి పసుపు ఎన్ని రోజులకు ఎంత ఎండుతుందో గీత గీశాడు. మోస్రా అమ్మాయి ఒకతె వడ్ల కుప్పను చుట్టూ కొలిచి, ఎన్ని బస్తాలవుతాయో ముందే చెప్పింది. ఊళ్లోవాళ్లు ఆమె చెప్పిందాన్ని నమ్మక, బస్తాలు నింపి ఎంచి చూసుకున్నారు.

మా బడిలో భౌతికశాస్త్రం చెప్పే సారు నిజామాబాద్ పాత బజారులో పుట్టి పెరిగినవాడు. వాళ్ల నాన్నది రేకుల పని. డబ్బాలు, గరాటులు, కూలర్లు చేసేవాడట. ఆ చేతివాటం కొడుకుకూ వచ్చింది. ఏ పరికరం చెడిపోయినా విప్పి బాగుచేసేవాడు. కానీ ఏ చువ్వ కోసినా, ఏ రేకు కత్తిరించినా, చెప్పిన కొలతకు నాలుగు వేళ్లు ఎక్కువే కోసేవాడు. “తక్కువైతే అతకాలె మేడం, ఎక్కువైతే కత్తిరిస్తే అయిపాయె,” అనేవాడు. ఆ కత్తిరించడం ఎప్పుడూ రేపటికి వాయిదా పడేది. మా ప్రయోగశాలలో ప్రతి వస్తువూ ఉండాల్సిన దానికన్నా బెత్తెడు పొడుగు.

నా సంగతి వేరు. 3.14 రాసి దాని ముందు ‘సమానం’ గుర్తు పెట్టిన పిల్ల చేత, దాదాపు సమానం అనే అలల గుర్తు యాభై సార్లు రాయించినదాన్ని. సారుకూ నాకూ ఎనిమిదేళ్లుగా ఇదే తగువు. ఆయన బెత్తెడు నేను ఒప్పుకోలేదు, నా అలల గుర్తు ఆయన ఒప్పుకోలేదు. అయినా ఒకరి టిఫిన్ డబ్బా ఇంకొకరం తెరిచేవాళ్లం.

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం, పదో తరగతిలో ఎడపల్లి మండలం నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. పట్టణంలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. మాట తక్కువ. నేను బోర్డు మీద కావాలని తప్పు రాస్తే అందరికన్నా ముందు ఆమెకే తెలిసేది. చేయి జడ మీదికి వెళ్లేది, జడ కొస మెలి తిప్పేది. “ఆగండి” మాత్రం ఆరో తరగతిలో చేరిన ఈ అయిదేళ్లలో ఒక్కసారీ అనలేదు. వేరే పిల్ల ఎవరైనా లేచేదాకా జడ తిప్పుతూ కూర్చునేది.

ఆమె ఎంచుకున్న లెక్క ఎండతో చెరుకు రసం కాచి బెల్లం చేయడం. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆ చుట్టుపక్కల చెరుకు తగ్గి వరి పెరిగింది. వాళ్ల నాన్న మాత్రం ఒక మడి చెరుకు వదలకుండా వేసి, ఇంటి దగ్గరే బెల్లం వండేవాడు. కూతురు రసం అడగడానికి వెళ్లినప్పుడు ఆయన గానుగ దగ్గర నలుగురిలో ఉన్నాడు. ఎండతో బెల్లం అన్నమాట విని అందరూ నవ్వారు. అప్పుడాయన ఒక మాట అన్నాడు. అమ్మాయి మరునాడు బడికి వచ్చి, ఆ మాటను ఆయన అన్నట్టే నాకు చెప్పింది.

“ఎండకు బెల్లం జేసి పొద్దు వాలేలోపల నా చేతుల వెట్టు. నీకిష్టమున్న సదువు సదువుకో. కాకపోతే పదయినంక మామ దుకాణంల కూసో.”

బోధన్‌లో ఆమె మేనమామకు ఎరువుల దుకాణం ఉంది. లెక్కలు చూడటానికి నమ్మకమైన మనిషి కావాలని ఆయన ఏడాదిగా అడుగుతున్నాడట. లెక్కలు బాగా వస్తాయి గనక ఈ అమ్మాయే తగినదని ఇంట్లో అనుకున్నారు. అమ్మాయికేమో పట్టణంలో ఇంటర్‌లో ఎంపీసీ చదవాలని ఉంది. నాన్న సరదాకే అని ఉండవచ్చు. కానీ నలుగురిలో అన్న మాటను ఆయన వెనక్కి తీసుకునే మనిషి కాడని ఆమెకు తెలుసు. అందుకే ఆ వారమంతా జడ కొస విప్పి అల్లుతూనే ఉంది.

లెక్క పెద్ద కష్టం కాదు. లోతైన పెద్ద పళ్లెం ఒకటి చేసి, దాని లోపల అద్దంలా మెరిసే కాగితం అంటించాలి. పళ్లెం వంపు సరైన ఆకారంలో ఉంటే, పడిన ఎండంతా పైకి మళ్లి ఒకే చోట చేరుతుంది. రసం గిన్నె అడుగు ఆ చోట ఉండాలి. మేము వరండా గచ్చు మీద సుద్దముక్కతో ఆ వంపు గీశాం. పళ్లెం వెడల్పు 144 సెంటీమీటర్లు, లోతు 27. వెడల్పును దానితోనే గుణించి, లోతుకు పదహారు రెట్లతో భాగిస్తే, ఎండ చేరే చోటు పళ్లెం అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉందో వస్తుంది. 20,736ను 432తో భాగించాలి. నలభై ఎనిమిది, శేషం లేదు. ఆ అమ్మాయే బోర్డు మీద చేసింది. శేషం సున్నా వచ్చినప్పుడు ఆమె మొహంలో వచ్చిన తృప్తి చూస్తే, ఈమెను ఎరువుల దుకాణానికి పంపకూడదని నాకూ పట్టుదల పుట్టింది.

పళ్లెం నుంచి పైకి మూడు చువ్వలు, వాటి కొసలకు కొక్కేలతో ఒక వలయం, వలయంలో, పళ్లెం వంచినా ఒరగకుండా వేలాడే గిన్నె. చువ్వలు కోసే పని సారుది. ఆయనకు కొలత చెప్పే పని నాది. సారు బెత్తెడు కలుపుతాడని నాకు తెలుసు, అది తర్వాత కత్తిరించడనీ తెలుసు. బెత్తెడంటే ఎనిమిది సెంటీమీటర్లు. అందుకని, “గిన్నె నలభై ఎత్తులో నిలవాలి సార్, దానికి తగ్గట్టు చువ్వలు కోయండి,” అన్నాను. నలభైకి ఆయన ఎనిమిది కలిపితే సరిగ్గా నలభై ఎనిమిది. ఎనిమిదేళ్ల తగువును ఒక్క తీసివేతతో తీర్చేశాననుకున్నాను. ఆ రోజు నాకు చాలా తెలివైన పని చేసినట్టు అనిపించింది.

ఫిబ్రవరి రెండో ఆదివారం పళ్లేన్ని ట్రాలీ ఆటోలో కట్టి ఎడపల్లి వైపు బయలుదేరాం. మబ్బు తునక లేదు. అమ్మాయి మా కన్నా ముందురోజే ఊరికి వెళ్లి, గట్టు పక్కన చదునైన చోటు చూసి పెట్టింది. వాళ్ల నాన్న మాకు చెరుకు రసం ఇచ్చి, మంచం వేసి కూర్చోబెట్టాడు. ఆయన తల్లి, ఊరందరికీ అవ్వ, పళ్లెం చుట్టూ ఒకసారి తిరిగి, “గింత పెద్ద తాంబాలంల ఎవలు తింటరు మేడం, భీముడా?” అంది.

తొమ్మిదింటికి గిన్నెలో రెండు లీటర్ల రసం పోసి, పళ్లేన్ని పొద్దుకు ఎదురుగా తిప్పాం. పది దాటింది. రసం వెచ్చబడింది, అంతే. పదిన్నరకు గిన్నె అంచున కాస్త నురుగు కనిపించి పోయింది. అమ్మాయి నాన్న వచ్చి అందులో వేలు ముంచి చూశాడు.

“అవ్వా, నీకు తానానికి నీళ్లు తయారైనయ్,” అన్నాడు. గట్టు మీద చేరినవాళ్లంతా నవ్వారు.

సారు జేబురుమాలుతో అద్దం కాగితం తుడిచాడు. నేను పళ్లెం వాలు కొలిచాను. ఆయన కాగితం అంటించిన తీరు బాగాలేదని నేను లోలోపల అనుకున్నాను. నా వంపు గీతలో ఏదో తేడా ఉందని ఆయన అనుకున్నాడట, తర్వాత చెప్పాడు. ఇద్దరం పైకి ఏమీ అనలేదు. పరాయి ఊరు, పిల్ల పందెం, నలుగురి ముందు తగువెందుకని ఊరుకున్నాం. మర్యాద కోసం మేము అలా ఊరుకున్నంతసేపూ పొద్దు ఆగలేదు. పదకొండు దాటింది. నాన్న అప్పటికే దుకాణం మాట ఎత్తాడు. పరీక్షలయ్యాక మే నెలలో వెళ్లి చేరితే వానాకాలం ఎరువుల గిరాకీకి అందుకుంటుందని పక్కవాళ్లతో చెబుతున్నాడు.

అమ్మాయి అప్పటిదాకా పావుగంటకోసారి పళ్లేన్ని పొద్దు వైపు జరుపుతూ, ఒక పుల్లతో గిన్నెలో రసం మట్టం చూస్తూ ఉంది. ఆ పుల్ల పక్కన పెట్టి, సంచిలోంచి దర్జీ టేపు తీసింది. పళ్లెం అడుగు నుంచి గిన్నె అడుగుదాకా కొలిచింది. మళ్లీ కొలిచింది. చేయి జడ మీదికి వెళ్లింది. నా వైపు చూసింది, సారు వైపు చూసింది, మాట్లాడుతున్న నాన్న వైపు చూసింది. జడ వదిలేసి నిటారుగా నిలబడింది.

“ఆగుండ్రి,” అంది.

నాన్న మాట మధ్యలో ఆగిపోయింది. సారు చేతిలో రుమాలు ఆగిపోయింది.

“మేడం, గిది నలభయే ఉన్నది. నలభై ఎనిమిది ఉండాలె. క్లాసుల మనం తీసింది గదే.”

సారు నా వైపు తిరిగాడు. “నలభై అని మీరే చెప్పిండ్రు గద మేడం.”

“చెప్పాను. మీరు బెత్తెడు కలుపుతారని.”

“కలపలే,” అన్నాడాయన. “జిందగీల ఈ ఒక్కపారి కలపలే. పోరి సదువు ఉన్నది దాంట్ల అని, మీరు చెప్పింది చెప్పినట్టు ఆకురాయి వెట్టి మరీ అరగదీసిన.”

ఎనిమిదేళ్లలో నేను ఆయనకు చివర సున్నా ఉన్న కొలత ఇచ్చిందే లేదు, అప్పుడైనా ఆయనకు అనుమానం రావాల్సింది. ఆయన ఎప్పుడూ లేనిది కోసిన చువ్వలు తెచ్చి “చూస్కోండి మేడం” అని బల్ల మీద పెట్టాడు, అప్పుడైనా నేను టేపు తీయాల్సింది. కొలిస్తే ఆయన్ను నమ్మనట్టు ఉంటుందని నేను తీయలేదు.

మా మొహాలు చూసి అసలు సంగతి అందరికన్నా ముందు అవ్వకే అర్థమైంది. “ఇద్దరు తోడికోడండ్లు ఒక్క కూర వండితే గిట్లనే ఐతది. ఉప్పు ఆమె ఏసిందని ఈమె, ఈమె ఏసిందని ఆమె. ఇగ కూర సప్పగ.”

నవ్వుతూనే మేము పనిలో పడ్డాం. గిన్నెను ఎనిమిది సెంటీమీటర్లు పైకి లేపాలి. ఇనుప చువ్వ కావాలంటే బోధన్ పోవాలి, ఆదివారం దుకాణాలు మూత. అప్పుడు అమ్మాయే, చువ్వల కొసలకు చెరుకు ముక్కలు గుచ్చి, వాటి మీద కొక్కేలు గుచ్చుదామంది. ముక్కలు ఎంత పొడుగని నాన్న కత్తి పట్టుకుని అడిగాడు. సారు అలవాటుగా నాలుగు వేళ్లు చూపించాడు.

“ఎవల బెత్తెడు సారు, నీదా నాదా?” అన్నాడు నాన్న.

“టేపుతో,” అన్నాను నేను. చువ్వలోకి దిగే భాగం, కొక్కెం దిగే భాగం విడిగా కలిపి కోయించాను. ఈసారి కొలత గట్టిగా చెప్పాను, నాన్న గట్టిగా తిరిగి అన్నాడు, అప్పుడే కత్తి దిగింది.

వలయం ఎక్కించిన పావుగంటకు రసం గిన్నె మధ్యలోంచి ఉడుకు పట్టింది. గట్టు మీద నవ్వులు ఆగాయి. కానీ ఎండ చేరే చోటుకు అంత దగ్గరలో చెరుకు ముక్కలు నిలవవు. తొక్క నల్లబడి, లోపలి రసం చిటచిటమని, మాడు తీపి వాసన వచ్చేది. అలా వాసన వచ్చినప్పుడల్లా నాన్న కొత్త ముక్కలు కోసి ఇచ్చేవాడు. మొదట రెండుసార్లు అడిగితే ఇచ్చాడు. తర్వాత అడగకముందే కోసి వరుసగా పేర్చి పెట్టుకున్నాడు. నురుగు పైకి వస్తే గరిటెతో తీసేశాడు. మడ్డి విరగడానికి బెండ కాండం నలిపి జిగురు తెచ్చి వేశాడు. తాను ఏ వైపు పందెం కట్టాడో ఆయన మరిచిపోయాడని నాకు తెలిసింది. గుర్తు చేయలేదు.

మూడింటికి రసం చిక్కబడి ఎర్రబారింది. నాలుగింటికి పొద్దు వాలి, పళ్లేన్ని ఎంత వంచినా ఎండలో చేవ లేకుండా పోయింది. నాన్న గిన్నెలోంచి ఒక చుక్క తీసి చల్లటి నీళ్లలో వేశాడు. బెల్లం వచ్చిందంటే అది నీళ్లలో ముద్దగా చేరాలి. అది తీగలా సాగి, పరుచుకుంది.

సారు మెల్లగా అన్నాడు: “అయినట్టే గద మేడం. జర సల్లారితే గడ్డ కడతది.”

నేను ‘కాలేదు’ అనే లోపే అమ్మాయి అంది. “బెల్లం కాలే, బాపు. పాకమే.”

నాన్న గరిటె గిన్నెలో పెట్టి, కూతుర్ని చూశాడు. “పొద్దుగాల్ల నుంచే సక్కగ వెడితే అయితుండెనా?”

“అవు. రెండున్నరకే అయితుండె.”

“నీకెట్ల తెలుసు?”

ఆమె పుల్ల తెచ్చి చూపించింది. గిన్నె పైకి లేపాక, రసం మట్టం తగ్గినకొద్దీ దాని మీద గోటితో గీతలు పెట్టింది. నడి ఎండలో గంటకు ఎంత తగ్గిందో, పొద్దు వాలినకొద్దీ ఎంతెంత తగ్గిందో, పొద్దున పోయిన రెండున్నర గంటలు దొరికితే ఎక్కడిదాకా వచ్చేదో నేల మీద గీసి చూపింది. మమ్మల్ని తప్పుపట్టే మాట ఒక్కటీ అనలేదు, కానీ మా బెత్తెడు ఖరీదు అందులో స్పష్టంగా కనిపించింది. నాన్న గొంతుక్కూర్చుని, ప్రతి గీత మీదా వేలు పెట్టి చూసుకున్నాడు.

లేచి, నాతో అన్నాడు: “మేడం, పందెం నేను గెలిచిన. అవునా?”

“అవును,” అన్నాను. అబద్ధం ఎలా చెబుతాను?

“గెలిచినోని ఇష్టం గద ఇగ. మా బామ్మర్ది దుకాణంల ఆయన జెప్పిన లెక్కకు ఊ అనేటోళ్లు గావాలె. ఇదేమో ఇద్దరు పెద్దమనుషులను నిలవెట్టి ఆగుండ్రి అన్నది. ఆయన తక్కెడ కాడ అనకుంట ఉంటదా? వారంల దుకాణం బందైతది.” గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. “పట్నంలనే సదువనీ. ఆడనే అనుకోనీ ఆగుండ్రి.”

అమ్మాయి చేయి జడ మీదికి వెళ్లి, ఈసారి తిప్పకుండా అక్కడే ఉండిపోయింది. నాన్న ఆ పాకాన్ని పొయ్యి మీదికి ఎక్కించి, కాసేపట్లో ముద్ద చేసి, మా ఇద్దరి చేతుల్లో చెరో ముక్క పెట్టాడు. అందులో ఎండ ఎంత, పొయ్యి ఎంత అని సారు తిరుగు ప్రయాణంలో అడిగాడు. లెక్క గట్టి చెప్పాను. “దాదాపు” అని కూడా చేర్చాను. ఆయన ఆ మాటకు బోధన్ రోడ్డు పొడుగునా నవ్వాడు.

మరునాటి నుంచి మా బడిలో మూడో నియమం వచ్చింది. కొలత ఇచ్చేవాళ్లు అది ఎలా వచ్చిందో సహా పైకి చెప్పాలి. కోసేవాళ్లు తిరిగి పైకి అనాలి. ఇంకొకరి అలవాటును మనసులో కలపడం గాని తీసివేయడం గాని చేయకూడదు. ఆ తర్వాత నేనున్న ఏడాదీ స్టాఫ్ రూమ్‌లో మా ఇద్దరి గొంతులు మునుపటికన్నా పెద్దగా వినిపించాయి. చువ్వలన్నీ సరిపోయాయి. ఇంటికి వచ్చే కొత్త టీచర్లకు నేను చెప్పేదీ అంతే: పక్క గది మనిషితో ఎదురుగా తగువు పడండి, చాటుగా దిద్దకండి.

ఆ అమ్మాయి ఇప్పుడు పట్టణంలోనే డిగ్రీ చివరి సంవత్సరం, లెక్కలే. మొన్న మా ఇంటికి వచ్చింది. నేను చాయ్ పోసి, కప్పు ముందు పెట్టాను. ఆమె చక్కెర డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది.

“మేడం, చక్కెర ఏసిండ్రా, నన్నేసుకోమంటరా?”

“వేశాను. ఒక చెంచా.”

“ఒకటా, దాదాపు ఒకటా?”

“ఒకటి,” అన్నాను. “అంచుకు సమంగా గీసి.”

అప్పుడు తాగింది.